మోటార్‌సైకిల్ కార్బురేటర్ శుద్ధి

గాలిలో పెట్రోలును తగు పాళ్లలో కలిపి ఇంజనుకు అందించే భాగం కార్బురేటర్. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక భారతదేశంలో కొత్త మోటార్‌సైకిళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు కొన్న స్ప్లెండర్లు, బుల్లెట్లలో చాలావాటికి మాత్రం నేటికీ కార్బురేటరే ఆధారం.

బండి నెలల తరబడి కదలకపోతే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు పేరుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. మొదట పూడుకుపోయేది వెంట్రుకంత సన్నని రంధ్రమున్న స్లో జెట్. అప్పుడు చోక్ వేస్తే తప్ప ఇంజన్ నిలవదు.

పెట్రోలు ట్యాప్ కట్టేసి, గిన్నెలోని పెట్రోలు వంపేశాక కార్బురేటర్ విప్పాలి. ఎయిర్ స్క్రూను తీసేముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవడం తప్పనిసరి. తిరిగి బిగించేటప్పుడు ఆ లెక్కే దిక్కు. జెట్ల రంధ్రాల్లో ఇనుప తీగ దూర్చడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. అది ఇత్తడిని గీసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఆపై మైలేజీ మళ్లీ కుదురుకోదు. క్లీనర్ స్ప్రే, గాలి ఒత్తిడి చాలు. స్ప్రే కొట్టేముందు రబ్బరు డయాఫ్రమ్, ఓ-రింగులను పక్కకు తీయాలి, లేకుంటే ఉబ్బిపోతాయి.

ఫ్లోట్ వాల్వు మొన అరిగితే పెట్రోలు పొంగుతుంది. దాన్ని, గ్యాస్కెట్లను రిపేర్ కిట్‌తో మార్చుకోవచ్చు. స్లో రన్నింగ్‌ను ఇంజన్ వేడెక్కాకే సరిచేయాలి.