మల్కిభరాముడి వంతెన

మణుగూరులో రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, చార్మినార్ చూడబోయినవాళ్లకు ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. ప్రియురాలు భాగమతి కోసం గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ వరద మూసీలోకి గుర్రాన్ని దూకించాడట. కొడుకు ఏమైపోతాడోనని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ వంతెన కట్టించాడట. తిరిగొచ్చినవాళ్లు అదే కథ ఊళ్లో ఇంకొకరికి చెబుతారు.

లెక్క కుదరదు.

వంతెన పూర్తయింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. రాకపోకలు మొదలయ్యేనాటికే పదమూడేళ్లవాడు, పునాదులు తీసినప్పుడు ఇంకా చిన్నవాడు. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ భాగమతి కథనే కొట్టిపారేశారు. ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిస్తా రాతల్లో ఆమె ప్రస్తావన ఉంది కాబట్టి ఆ వాదు ఇప్పట్లో తెగదు. వంతెనకు మాత్రం ఆ కథతో పనిలేదు.

అసలు కారణానికి వంతెన దగ్గరి కార్వాన్ పేట పేరు చూస్తే చాలు. కార్వాన్ అంటే బిడారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు పోవాలంటే మధ్యలో మూసీ అడ్డం. మణుగూరు వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1965లో భద్రాచలం వంతెన తెరిచేదాకా అశ్వాపురం మీదుగా సారపాక చేరినవాళ్లకు గోదావరి దాటడమంటే ఏమిటో తెలుసు. వంతెన కట్టడానికి ఆ అవస్థ చాలదా?

కట్టడం చూడండి. గ్రానైటు రాయి, సున్నం, 22 కమానులు, సుమారు 600 అడుగుల పొడవు. కింద నిలబడి తలెత్తితే, రెండు వంపులూ నడినెత్తిన కలిసి మొన తేలి కనిపిస్తాయి. పైనుంచి పడే బరువు రాయిని రాయికి బిగిస్తూ పక్కలకు జారి దిమ్మెల్లోకి దిగుతుంది. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే దీన్ని పారిస్‌లోని పాంట్ నఫ్‌తో పోల్చాడు. ఆ వంతెన పని మొదలైందీ 1578లోనే.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచేసింది. ఒడ్డున వేల ఇళ్లు కొట్టుకుపోయాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి మరమ్మతు చేయించాడు.

తెలుగు కవులు ఇబ్రహీంను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి ఆయనకు కావ్యం అంకితమిచ్చాడు. హుస్సేన్ సాగర్ వెలిసిందీ ఆయన ఏలుబడిలోనే. అలాంటివాడు ప్రజల దారి కోసం కట్టించిన వంతెనను కొడుకు ప్రేమకథకు రాసిచ్చేశారు. ఇది అన్యాయం.

ఇప్పుడు దానిమీద కూరగాయల గంపలు బారులు తీరి ఉంటాయి. ఈసారి వెళ్లినవాళ్లు అక్కడ టమాటాలు బేరమాడుతూ పక్కనున్న పిల్లలకు ఆ తండ్రి పేరు చెప్పి రావాలి.