గుగులోత్ సౌమ్య

గుగులోత్ సౌమ్య భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్. తెలంగాణలోని నిజామాబాద్ ఆమె సొంత జిల్లా.

గోకులం కేరళ క్లబ్‌కు ఆడుతుండగా 2022లో క్రొయేషియాలో జరిగిన ఎంపిక పోటీల్లో నెగ్గి, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో పాటు దినమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. భారత క్రీడాకారిణులకు యూరప్ క్లబ్బులు అరుదుగా తలుపు తీసే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.  తెలంగాణ అమ్మాయికి అది కొత్త దారి.

తిరిగొచ్చాక ఆట మరింత పదునెక్కింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాపై ఆమె కొట్టిన ఒకే ఒక్క గోల్ ఆమె క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ ఖాయం చేసింది. 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆమెకే దక్కింది.