మొదటి పెయ్యదూడ ఎవరిది?

వితంతువులకు చర్చిలు మేకలు, బర్రెలు ఇచ్చే పథకాల గురించి చదివినప్పుడల్లా నాకు మన ఊళ్ల ‘పాలు’ గుర్తొస్తుంది. మేక ఆసామిది, మేపేది ఈమె, పిల్లల్లో సగం ఆసామికే. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలి పిల్లలకు పాలు పంచిన అమెరికన్ రైతు, బ్రెదరన్ చర్చి సభ్యుడు డాన్ వెస్ట్ లెక్క వేరు. 1944లో ఆవులు పంపడం మొదలుపెట్టిన అతని హైఫర్ ప్రాజెక్టులో మొదటి పెయ్యదూడను ఇంకో పేద ఇంటికి ఇవ్వాలి. అంటే పుచ్చుకున్నామె కూడా ఒకరికి ఇచ్చే మనిషవుతుంది. భర్త పోయినామెకు ఊళ్లో పాలడబ్బుల కన్నా ఆ మర్యాదే పెద్దదనుకుంటాను.

అయితే దూడ బతకాలంటే మేత, నీళ్లు ఉండాలి కదా. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు చెడిపోయింది. కిష్టారెడ్డిపేట వైపు బీళ్లు ప్లాట్లయ్యాయి. ఇక్కడ ఇప్పుడు ఒక మేకను ఇవ్వడం తేలికే, దాన్ని మేపుకునే చోటు చూపించడమే కష్టం.