బాణం గుర్తు లేని దేశంలో

ఓడ అడుగున చెక్కలు కిర్రుమంటున్నాయి. కంటి మీదుగా గాటు పడిన ఖైదీ ఒకడు మీ మీదికి వంగి పేరు అడుగుతున్నాడు. మీ పేరు మీరే టైప్ చేయాలి. చేశారు. కాపలావాడు వచ్చి మెట్లెక్కమంటాడు. పైకి రాగానే వెలుతురు, చుట్టూ చిత్తడి నేల, గడ్డి కప్పుల గుడిసెలు, దూరాన ఒక దీపస్తంభం. ఊరి పేరు సేడా నీన్. సుంకం ఆఫీసులో ముసలి గుమాస్తా మీ వృత్తీ, పుట్టిన రాశీ రాసుకుంటాడు. చక్రవర్తి ఆజ్ఞ మీద మీకు విడుదల. చేతిలో ఒక పొట్లం పెడతారు. దాన్ని బల్మోరా అనే ఊళ్ళో కేయస్ కొసేడిస్ అనే మనిషికి అందజేయాలి. తలుపు తెరుచుకుంటుంది. ఇక మీ ఇష్టం.

తెర మీద బాణం గుర్తు ఉండదు. ఎటు వెళ్ళాలో చెప్పే మెరుపు చుక్క కూడా ఉండదు. అరుగు మీద నిలబడి చూస్తే ఎడమకీ దారే, కుడికీ దారే. ఎక్కడి నుంచో దీర్ఘమైన మూలుగు వినిపిస్తుంది. అది విని భయపడనక్కర్లేదు, అది ఇక్కడి బస్సు. సిల్ట్ స్ట్రైడర్ అంటారు. తాటిచెట్టంత కాళ్ళున్న పురుగు. దాని వీపు మీది పెంకును తొలిచి మనుషులు కూర్చునేలా చేశారు. నడిపేవాళ్ళు దాని నరాలను కదిలిస్తూ నడుపుతారు. నాణేలిస్తే బల్మోరా దాకా తీసుకెళ్తుంది.

మీరు ఎక్కకుండా నడక మొదలుపెట్టారనుకుందాం. ఊరు దాటిన కాసేపటికి కొండ వారన ఒక చెక్క తలుపు కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. తెరిచి లోపలికి అడుగు పెడితే స్మగ్లర్ల కాపలా మనిషి కత్తి దూసి మీదికి వస్తుంది. మీరూ దూస్తారు. కత్తి ఆమె ఒంటి గుండా పోయినట్టే కనిపిస్తుంది, కానీ దెబ్బ తగలదు. ఆట లోపల పాచికలు దొర్లుతున్నాయి. కత్తి వాడటంలో మీ నేర్పు ఎంత, చురుకుదనం ఎంత, ఆయాసం ఎంత అన్నదాన్ని బట్టి లెక్క తేలుతుంది. పరిగెత్తుకుంటూ వచ్చి కలబడితే ఓడిపోతారు. కాస్త ఊపిరి నిలుపుకుని దిగితే గెలుస్తారు. ఇంకా లోపలికి వెళ్తే చేతులకు కట్లు వేసిన బానిసలు ఉంటారు. దొంగల దగ్గర దొరికిన తాళంచెవితో ఆ కట్లు విప్పవచ్చు, విప్పకుండా వెళ్ళిపోనూ వచ్చు. విప్పితే బాజాలు మోగవు. వాళ్ళకు స్వేచ్ఛ దొరికింది, అంతే. ఆ పని ఎందుకు చేశారో మీకు తెలుసు. అది చాలు.

ఈ ఆట పేరు మారోవిండ్, ది ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మూడోది. బెథెస్డా దీన్ని 2002 మే 1న అమెరికాలో విడుదల చేసింది. దీనికి ముందు 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ బ్రహ్మాండమైన విస్తీర్ణం ఉన్న ఆట. దానిలోని ఊళ్ళనూ నేలమాళిగలనూ చాలావరకు కంప్యూటరే లెక్క కట్టి పేర్చింది. మారోవిండ్‌లో ఆ పద్ధతిని వదిలేశారు. వార్డెన్‌ఫెల్ అనే ఒక్క ద్వీపాన్ని తీసుకుని రాయీ, చెట్టూ, గిన్నే, పుస్తకమూ చేత్తో పెట్టారు. తాము వాడిన పనిముట్టునే, కన్‌స్ట్రక్షన్ సెట్ పేరుతో, ఆటతో పాటు డిస్కులో ఇచ్చారు. ముందు ముందు మీరు నడవబోయే కొత్త నేలంతా ఆ డిస్కు చలవే.

ఎందుకంటే మీ కంప్యూటర్‌లో ఉన్నది అచ్చంగా 2002 నాటి ఆట కాదు. పాత ఇంజిన్ స్థానంలో ఓపెన్ఎండబ్ల్యూ ఉంది. 2008లో మొదలైన ఈ ఇంజిన్‌ను ఔత్సాహికులే మొదటి నుంచీ కొత్తగా రాశారు. అప్పట్లో నాలుగు అడుగుల అవతల లోకాన్నంతా పొగమంచు మింగేసేది. ఇప్పుడు కనుచూపు మేర కొండలు కనిపిస్తాయి. దాని మీద టామ్రియెల్ రీబిల్ట్ అనే మోడ్ వేసి ఉంది. మోడ్ అంటే అభిమానులు ఆటలో చేసే మార్పో, చేర్పో. ఈ మోడ్ ఏం చేర్చిందో మీకు ఇంకా కనిపించలేదు. దానికి ముందు ద్వీపం మీద నడవడం నేర్చుకోవాలి.

బల్మోరా చేరారు. నది ఒడ్డున తెల్లటి ఇళ్ళ ఊరు. కేయస్ ఇల్లు ఎక్కడ? సౌత్ వాల్ అనే సత్రంలో అడగమన్నారు కాబట్టి వెళ్ళి అడుగుతారు. వాళ్ళు చెప్తారు. చొక్కా లేని ముసలాయన తలుపు తీస్తాడు. చూస్తే పనీపాటా లేనివాడిలా ఉంటాడు, నిజానికి చక్రవర్తి గూఢచారులకు ఇక్కడి పెద్ద. ఆయన మిమ్మల్ని ఒక మనిషి దగ్గరికి పంపుతాడు, ఆ మనిషి ఆర్కంగ్‌థాండ్ శిథిలాలకు పంపుతాడు. దారి ఇలా చెప్తాడు: ఊరి నుంచి దక్షిణంగా వెళ్ళు, తూర్పున మూన్‌మాత్ కోట వస్తుంది, అది దాటాక లోయ మీద పాత వంతెన ఉంటుంది, దాటి కొండెక్కు, తలుపు మూసి ఉంటే దగ్గర్లో గొట్టానికున్న మర తిప్పు.

మన పల్లెల్లో కొత్తవాడికి దారి చెప్పినట్టే ఉంటుంది ఈ మాట. రావిచెట్టు దాటాక కాలవ గట్టు పట్టుకో, పాడుబడ్డ బావి కనిపిస్తే నువ్వు సరైన దారిలో ఉన్నట్టు. విన్నవాడు నడుస్తున్నంతసేపూ చెట్టు కోసం చూస్తాడు, బావి కోసం చూస్తాడు. చేరేసరికి ఆ దారి వాడిదైపోతుంది. మీరూ అలాగే కోట కోసం చూస్తారు, వంతెన కోసం చూస్తారు. బూడిద రంగు లోయలో గాలి దుమారం లేస్తుంది. జర్నల్ తెరిచి అదే వాక్యాన్ని మళ్ళీ చదువుతారు. వంతెన కనబడుతుంది. ఆ క్షణంలో కలిగే ఆనందాన్ని బాణం గుర్తు ఇవ్వలేదు. బాణం చూపించే చోట మనం బాణాన్ని చూస్తాం. మాట చెప్పే చోట నేలను చూస్తాం.

ఇలా వారాలు గడుస్తాయి. మ్యాప్ మీద నొక్కితే గమ్యంలో వాలిపోయే సౌకర్యం లేదు. పురుగెక్కాలి, ఓడెక్కాలి, లేదా మంత్రగాళ్ళ సంఘంలో డబ్బు కట్టి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాయమై తేలాలి. అయిదు పెద్ద వంశాల పేర్లు వింటారు. హ్లాలు, రెడొరాన్, టెల్వాన్ని మనుషులు ద్వీపం మీద ఎదురవుతారు. ఇండొరిల్, డ్రెస్ వంశాల గురించి మాటలే తప్ప మనుషులు కనిపించరు. వాళ్ళ భూములు సముద్రం అవతల, ప్రధాన భూభాగంలో ఉన్నాయంటారు. పుస్తకాల్లోనూ నార్సిస్, నెక్రొమ్ లాంటి పేర్లే. 2002లో ఆడినవాళ్ళకు అవి పేర్లుగానే మిగిలాయి. అదే ఏడాది వచ్చిన ట్రైబ్యునల్ అనే చేర్పు మౌర్న్‌హోల్డ్ నగరాన్ని చూపించింది గానీ, మంత్రంతో తీసుకెళ్ళి గోడల మధ్య దించింది. గోడ అవతలికి అడుగు పడదు.

ఇప్పుడు మీరు ద్వీపం దక్షిణ కొసన ఎబన్‌హార్ట్ రేవులో నిలబడి ఉన్నారు. నీటి మీద నడిపించే పోషన్ తాగుతారు. మొదటి అడుగుకు అల వంగి నిలుస్తుంది. కింద చేపలు మీ నీడ వెంట ఈదుతున్నాయి. మందు ప్రభావం తగ్గేలోపు ఎంత దూరం పోగలరో చూడాలి. అసలు ఆటలో ఈ ప్రయాణం ఎందాకా చేసినా నీరే. కింద చదునైన ఇసుక, పైన ఆకాశం, అంతం లేదు. దేశం అక్కడితో అయిపోయేది.

ఇవాళ అయిపోదు. మంచు తెరలోంచి ముందు ఒక రాతి కొస, తర్వాత చెట్ల వరుస, తర్వాత ఎత్తయిన గోడలు బయటికొస్తాయి. ఒకప్పుడు పేరుగా మాత్రమే ఉన్న నేల ఇప్పుడు ఒడ్డుగా కనిపిస్తుంది. ఓల్డ్ ఎబన్‌హార్ట్‌లో కాలు పెడతారు. సామ్రాజ్యం రాతితో కట్టుకున్న నగరం ఇది. రేవులున్నాయి, సంఘాల భవనాలున్నాయి, సందుల్లో జనం ఉన్నారు. మీరెవరో ఎవరికీ తెలియదు.

ఆగి ఒక చిన్న ఇంట్లోకి తొంగి చూడండి. మంచం, దాని పక్కన కొవ్వొత్తి, బల్ల మీద సగం తిన్న రొట్టె, మూలన చేపల బుట్ట. ఇక్కడ నిధి లేదు, క్వెస్ట్ లేదు. అయినా ఆ బుట్టను ఎవరో కన్‌స్ట్రక్షన్ సెట్ తెరిచి, మౌస్‌తో పట్టి, తిప్పి, నేలకు ఆనేలా దించి పెట్టారు. ఈ మోడ్ పని 2001లో, ఆట ఇంకా విడుదల కాకముందే మొదలైంది. మొదట టామ్రియెల్ ఖండం మొత్తాన్ని కట్టాలనుకున్నారు. తర్వాత మారోవిండ్ ప్రాంతపు ప్రధాన భూభాగానికి పరిమితమయ్యారు. జీతం లేదు. ఒకరు నేల మలిచి కొండలు లేపుతారు, ఒకరు ఇళ్ళ లోపలి గదులు తీసుకుంటారు, ఒకరు మనుషుల్ని ప్రవేశపెడతారు, ఇంకొకరు వాళ్ళ మాటలు రాస్తారు. ఒకరు చేసిన గదిని మరొకరు పరిశీలించి, తేలుతున్న గిన్నెనూ గోడలోకి దూరిన అల్మారానూ సరిచేస్తారు. మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయి ఉంటారు. పని మాత్రం చేతులు మారుతూ సాగింది.

ఇంత పెద్ద చేర్పు సాధ్యమవడానికి మారోవిండ్ తీరే కారణం. ఇందులో పలకరింపులు మినహా మాటలన్నీ దాదాపు అక్షరాలే. మనిషి ఎదురైతే తెర మీద వాక్యాలు వస్తాయి, నీలం రంగు పదం మీద నొక్కితే ఆ సంగతి చెప్తాడు. కొత్త మనిషికి ప్రాణం పోయాలంటే నటుడు అక్కర్లేదు, రాయగలిగిన చెయ్యి చాలు. తర్వాతి తరం ఆటల్లో ప్రతి మాటా గొంతుతో వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

ఓల్డ్ ఎబన్‌హార్ట్ నుంచి దక్షిణంగా దారి పట్టండి. కూడళ్ళలో చెక్క బోర్డులుంటాయి, దగ్గరికెళ్ళి చదవాలి. కొంతదూరం పోయాక థిర్ నది, దాని మీద యాత్రికులొచ్చే ఆలయ నగరం ఆల్మాస్ థిర్. ఇంకా ముందుకు పోతే హ్లాలు వంశపు రాజధాని నార్సిస్. ఒకప్పుడు పుస్తకంలో ఒక్క పదంగా చదివిన ఊరు ఇప్పుడు వీధులు, మేడలు, అంగళ్ళతో ఎదురుగా ఉంది. 2025 మే 1న, ఆటకు ఇరవై మూడేళ్ళు నిండిన రోజున, ఈ నగరాన్ని మోడ్‌లో చేర్చారు. ఎప్పుడు వెళ్ళినా ఎవరినో ఒకరిని అడిగే ముందుకు పోవాలి. సత్రం యజమాని ఒక దారి చెప్తాడు, సైనికుడు ఇంకోటి చెప్తాడు. బాణం ఇక్కడా లేదు.

ఈ మోడ్ మీద నా గౌరవం ముఖ్యంగా ఇక్కడే. అభిమానుల చేతికి పనిముట్టు దొరికితే అసలుదాన్ని మించాలనే ఆశ పుట్టడం సహజం. కొండంత రాక్షసుణ్ణీ, సూర్యుడిలా మెరిసే కత్తినీ పెట్టెయ్యవచ్చు. వీళ్ళు ఆ పని చేయలేదు. పాత ఆట కథను కదపలేదు. ద్వీపం మీద మీరు జోస్యంలో ముందే చెప్పిన నెరెవరిన్. ఇక్కడి రైతుకు ఆ గొడవ పట్టదు. పంట ఉంది, పన్ను ఉంది, పక్కింటివాడితో తగువు ఉంది. మీరొక పరాయి దేశస్థుడు, అంతే. మర్యాద సంపాదించుకోవాలంటే పని చేయాలి. మిమ్మల్ని సేడా నీన్‌లో చక్రవర్తి మనుషులు ఎంత మామూలుగా వదిలేశారో, అంత మామూలుగా ఈ దేశమూ మిమ్మల్ని చూస్తుంది. ఆడేవాడి బుద్ధి మీద నమ్మకం ఉంచడం ఈ ఆట గుణం. కట్టినవాళ్ళకు ఆ గుణం తెలుసు, వాళ్ళూ అలా ఆడి పెరిగినవాళ్ళే. తమకు అందిన నమ్మకాన్ని తమ తర్వాత వచ్చేవాళ్ళకు అందిస్తున్నారు.

దారి పట్టుకుని ఇంకా పోతూ ఉంటే ఒకచోట దేశం ఆగిపోతుంది. భూభాగం మొత్తం ఇంకా పూర్తి కాలేదు. డ్రెస్ వంశపు దక్షిణ మైదానాలు ఇంకా రావాలి. కొండ దిగితే చెట్లు లేవు, ఇళ్ళు లేవు, మళ్ళీ అదే నీరు, అదే ఇసుక. అంతదూరం నడిచిన మనిషికి ఇక్కడ నిరాశ కలగాలి. నాకు కలగదు. మీకూ కలగనక్కర్లేదు. ద్వీపపు ఒడ్డున 2002లో ఆగిపోయిన ఆటగాళ్ళ ముందు ఉన్నదీ ఇదే నీరు. వాళ్ళలో కొందరు దాన్ని గోడ అనుకోలేదు, పని అనుకున్నారు.

ఆట మూసి కన్‌స్ట్రక్షన్ సెట్ తెరవండి. ఈ బృందంలో చేరాలనుకునేవాళ్ళు నమూనాగా ముందు ఒక చిన్న ఇల్లు చేసి చూపించాలి. నాలుగు గోడలు నిలబెట్టండి. ఈ ఇంట్లో ఎవరుంటారు, ఏం తింటారు, దేనికి భయపడతారు అని ఆలోచించండి. తర్వాత మంచం ఎక్కడ వెయ్యాలో దానంతట అదే తెలుస్తుంది. పరిశీలించేవాళ్ళు తప్పులు చూపిస్తారు, దిద్దుకోండి. ఒక రోజు ఎవరో ఒక పరాయి మనిషి దారి తప్పి మీ తలుపు తీస్తాడు, అతనికి అక్కడ ఒక సంసారం కనిపించాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ దేశం పెరుగుతున్నది ఇలాంటి ఇళ్ళతోనే.