సింగపూర్ కేంద్ర భవిష్య నిధి

సింగపూర్‌లో నెల జీతం నుంచి కోతపడే పీఎఫ్ సొమ్మే ఇల్లు కొనడానికీ, ఆస్పత్రి బిల్లుకూ, వృద్ధాప్యంలో నెలవారీ భృతికీ ఆధారం. దాని పేరు కేంద్ర భవిష్య నిధి, అక్కడివారి మాటలో సీపీఎఫ్. చాలా దేశాల్లో గృహవసతి, వైద్యం, ఆర్థిక వ్యవస్థల సంస్కరణలు దేని దారిన అవి నడిచాయి. ఇక్కడ మూడూ ఒకే ఖాతా చుట్టూ పెరిగాయి.

బ్రిటిష్ పాలనలోనే, 1955 జులై 1న నిధి మొదలైంది. ఉద్యోగి 5 శాతం, యజమాని 5 శాతం జమచేసేవారు. అప్పటికి అది పదవీ విరమణ పొదుపు మాత్రమే. భారతదేశంలో 1952 చట్టంతో వచ్చిన ఈపీఎఫ్ లాంటిదే.

ఊరికి అసలు కొరత ఇళ్ళు. 1927లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి కట్టినవి సుమారు 23,000 ఇళ్ళు. 1960 ఫిబ్రవరిలో దాని స్థానంలో గృహనిర్మాణ అభివృద్ధి మండలి, అంటే హెచ్‌డీబీ వచ్చింది. తొలి అధ్యక్షుడు లిమ్ కిమ్ సాన్. 1961 మే 25న, బక్రీదు సెలవు రోజు, బుకిత్ హో స్వీ బస్తీలోని ఆకుకప్పు ఇళ్ళు తగలబడి సుమారు 16,000 మంది వీధిన పడ్డారు. ఏడాది తిరక్కుండానే కాలిన నేల మీద ఫ్లాట్లు లేచాయి. మండలి మాట మీద జనానికి గురి కుదిరింది అప్పుడే. మొదటి ఐదేళ్ళలో 50,000కు పైగా ఫ్లాట్లు పూర్తయ్యాయి.

1964లో సొంతింటి పథకం ప్రకటించినా, చేతిలో రొక్కం లేక కొనేవారు తక్కువే. 1968లో భవిష్య నిధి సొమ్ముతో ఫ్లాటు కొనుక్కోవచ్చన్నారు. మొత్తం కథలో కీలకమైన మలుపు ఇదే. కొత్తగా పెళ్ళయిన జంట ఫ్లాటు తీసుకుంటే నెలవారీ వాయిదా వాళ్ళ నిధి ఖాతాల నుంచే పోతుంది. ఇంటికి తెచ్చుకునే జీతం తగ్గదు. తర్వాత ఆ ఫ్లాటు అమ్మితే, తీసిన సొమ్మును దానికి రావాల్సిన వడ్డీతో సహా ఖాతాలో తిరిగి జమచేయాలి. ఇంకోవైపు, నిధి తన డబ్బును ప్రభుత్వ బాండ్లలో పెడుతుంది, ప్రభుత్వం హెచ్‌డీబీకి అప్పిస్తుంది, హెచ్‌డీబీ కొనుగోలుదారుకి అప్పిస్తుంది. విదేశీ రుణాల మీద ఆధారపడకుండా ఒక దేశం ఇంత పెద్ద గృహనిర్మాణం చేయగలగడానికి ఈ చక్రం పెద్ద కారణం. నేడు అక్కడి స్థిరనివాసుల్లో సుమారు 80 శాతం హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటున్నారు.

దీనికి మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. 1966 భూసేకరణ చట్టం ప్రభుత్వానికి విస్తృత అధికారాలిచ్చింది. 1973 తర్వాత చాలాకాలం పరిహారాన్ని పాత తేదీనాటి ధరకే కట్టిపడేశారు. పూర్తి మార్కెట్ ధర ఇవ్వడం 2007లో గానీ మొదలవలేదు. చవక ఫ్లాట్ల వెనక భూమి పోగొట్టుకున్న కుటుంబాల నష్టం ఉంది. ఈ నమూనాను మెచ్చుకునేవారు ఆ సంగతీ చెప్పాలి.

భవిష్య నిధికి కోత శాతం పెరుగుతూ 1984 నాటికి ఉద్యోగి, యజమాని వాటాలు కలిపి 50కి చేరింది. మరుసటి ఏడాది మాంద్యం రావడంతో, 1986లో యజమాని వాటాను 25 నుంచి 10 శాతానికి దించారు. ప్రస్తుతం 55 ఏళ్ళలోపు వారికి మొత్తం 37 శాతం.

1984లోనే మెడిసేవ్ వచ్చింది. మొదట్లో జీతంలో 6 శాతం వైద్యానికి విడిగా దాచిన ఖాతా ఇది; జీవిత భాగస్వామికీ, పిల్లలకీ, తల్లిదండ్రులకీ వాడుకోవచ్చు. అయితే పొదుపు జీతాన్ని బట్టే పెరుగుతుంది, జబ్బు జీతం చూసి రాదు. ఈ లోపాన్ని పూడ్చడానికి 1990లో పెద్ద జబ్బులకు మెడిషీల్డ్ బీమా, 1993లో నిరుపేదల కోసం మెడిఫండ్ తెచ్చారు. పాత జబ్బులున్నవారితో సహా పౌరులందరికీ, శాశ్వత నివాసులకూ జీవితాంతం వర్తించే మెడిషీల్డ్ లైఫ్ 2015 నవంబరులో గానీ రాలేదు. అంటే ఎవరి ఖర్చు వారిదే అన్న సూత్రంతో బయలుదేరి, కష్టాన్ని అందరూ పంచుకునే పద్ధతికి చేరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. పైగా ప్రభుత్వ ఆస్పత్రుల్లో సి తరగతి వార్డుకు 80 శాతం వరకూ సబ్సిడీ దొరికేది. సింగపూర్ వైద్యం ఘనతంతా పొదుపు ఖాతాకే కట్టబెట్టేవారు ఈ సబ్సిడీని పక్కన పెట్టేస్తారు.

ఇతర దేశాలూ ఈ బాట పట్టాయి. షాంఘై నగరం 1991లో గృహ భవిష్య నిధిని ప్రారంభించింది, తర్వాత అది చైనా అంతటా పాకింది. అమెరికా 2003 చట్టంతో ఆరోగ్య పొదుపు ఖాతాలు తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఆరోగ్యశ్రీతో వేరే దారి ఎంచుకుంది: పేదవాడి శస్త్రచికిత్స ఖర్చు పన్నుల సొమ్ము నుంచి భరించడం. రోజుకూలీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో జీతపు కోత మీద నిలిచే పథకం చాలామందికి అందేదే కాదు. సింగపూర్‌లోనూ నిధి పౌరులకూ, శాశ్వత నివాసులకూ మాత్రమే. వర్క్ పర్మిట్ మీద వెళ్ళే తెలుగు కార్మికుడికి అందులో ఖాతా ఉండదు.

ఇప్పటి చిక్కు ఫ్లాట్ల వయసు. అవి దాదాపు అన్నీ 99 ఏళ్ళ లీజు మీద ఉన్నవే. జీవితకాలపు పొదుపంతా ఇంట్లోకి పోయి చేతిలో రొక్కం లేని వృద్ధుల కోసం 2009లో, మిగిలిన లీజులో కొంత భాగాన్ని హెచ్‌డీబీయే తిరిగి కొనే పథకం వచ్చింది. లీజు తరిగేకొద్దీ ధర పడిపోతుందన్న ఆందోళన బలపడటంతో, సుమారు 70 ఏళ్ళు నిండిన ఎంపికచేసిన సముదాయాలను నివాసుల ఓటింగుతో ప్రభుత్వం ముందుగానే కొనే ఏర్పాటును 2018లో ప్రకటించారు.