ఉలి నుంచి రంపం దాకా... రేకు కోత కథ

1992 నవంబరు 16న ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, హాక్సన్ గ్రామ పొలంలో పోయిన సుత్తి కోసం వెదుకుతుంటే రోమన్ల నాటి నిధి బయటపడింది. దాదాపు 15 వేల నాణేలు, 29 బంగారు ఆభరణాలు! 5వ శతాబ్దం తొలినాళ్లలో పాతిపెట్టిన సొత్తు అది. అందులో కొన్ని కడియాలు పలుచటి రేకును జాలీలా తొలిచి చేసినవి. ఒక కడియం మీద ‘యూలియానా’ అనే ఆమెకు శుభం పలికే లాటిన్ అక్షరాలున్నాయి. చుట్టూ ఉన్న రేకును తొలగించగా మిగిలిన అక్షరాలవి.

ఇలాంటి పనికి నేటి కంసాలి సన్న రంపం అందుకుంటాడు. ఆ రోజుల్లో చేసింది మాత్రం ఉలి. రేకును దిమ్మె మీద పరిచి, చిన్న ఉలితో గీత వెంట కొట్టుకుంటూ ముక్క విడదీసేవారు. 12వ శతాబ్దం తొలినాళ్లలో థియోఫిలస్ అనే సన్యాసి రాసిన చేతిపనుల గ్రంథం కూడా జాలీ పనికి ఉలినే చెప్పింది.

రంపం ఇంత ఆలస్యంగా రావడానికి కారణం ఉక్కు. సన్నటి బ్లేడు లోహాన్ని కొరికేంత గట్టిగా ఉండాలి, విరగకుండా వంగాలి. ఐరోపాలో చెక్కలో నగిషీ పొదిగే పనివారు ఈ రంపానికి పేరు తెచ్చారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొలువులోని ఆండ్రే షార్ల్ బూల్ ఇత్తడి రేకునూ తాబేటి చిప్పనూ జతచేసి ఒకేసారి కోయించేవాడు. ఒకదాని ఖాళీలో మరొకదాని ముక్క కచ్చితంగా అమిరేది. 1740ల్లో గడియారాల పనివాడు బెంజమిన్ హంట్స్‌మన్ మంచి స్ప్రింగుల కోసం షెఫీల్డ్ దగ్గర ఉక్కును మూసలో కరిగించాడు. సన్న పనిముట్లకు కావలసిన ఏకరీతి ఉక్కు అలా అందింది.

ఇక నేటికి వస్తే, కొత్తగా నగల పని నేర్చుకునేవారు ముందు కత్తెర కొంటారు. నిటారు కోతకు, టంకం ముక్కలకు అది చాలు. కానీ అంచును నొక్కి వంచుతుంది. రేకు మధ్యలో కిటికీ తీయలేదు. రంధ్రం వేసి బ్లేడు దూరిస్తే రంపం ఆ పనీ చేస్తుంది, రేకునూ వంచదు. 0.8 మిల్లీమీటర్ల రేకుకు 2/0 నంబరు బ్లేడు సరిపోతుంది. రేకు మందంలో ఎప్పుడూ కనీసం రెండు పళ్లు ఆనాలి. పళ్లు పిడి వైపు చూడాలి, కోత కిందికి లాగినప్పుడే పడాలి. బ్లేడుకు కాస్త తేనెమైనం రాయండి, చేతి బలం వాడకండి. రాలిన పొడిని పళ్లెంలో పట్టండి, అదీ వెండే, బంగారమే.

పనిముట్లలో మొదటి ఖర్చు మంచి రంపానికే పెట్టండి. మొదటి వారం రాగి రేకు మీదే సాధన చేయండి.