పోలీసులకు యూనియన్ ఉందా?

ఫిర్యాదు తీసుకోని ఎస్సైపై చర్య కోరితే చాలు, ‘పోలీసుల మనోస్థైర్యం దెబ్బతింటుంది’ అన్న మాట వినిపిస్తుంది. కొన్నిసార్లు అది పోలీసు అధికారుల సంఘం ప్రకటనగానే వస్తుంది. మరి ఈ సంఘానికి చట్టంలో చోటెక్కడ?

మన దేశంలో పోలీసులకు కార్మికుల్లా యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. శాంతిభద్రతల బలగాల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. దాని కింద వచ్చినదే 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం. అనుమతి లేకుండా ట్రేడ్ యూనియన్‌లో చేరినా, పత్రికలకెక్కినా రెండేళ్ల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. సమ్మె మాట సరేసరి. అందుకే ఇక్కడున్నవి ప్రభుత్వ గుర్తింపుతో నడిచే సంఘాలు. జీతభత్యాలు, బదిలీలు, క్వార్టర్లు, విధుల్లో చనిపోయినవారి కుటుంబాల సాయం వంటి వాటిపై వినతిపత్రాలిస్తాయి, అధికారులతో మాట్లాడతాయి. ఐపీఎస్‌లకు వేరే సంఘం ఉంది.

వినతిపత్రం దాటితే ఏమవుతుందో 2024 అక్టోబరులో తెలంగాణలో చూశాం. ‘ఏక్ పోలీస్’ విధానం కావాలంటూ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. (భర్తలకున్న నిషేధం వాళ్లకు లేదు కదా!) తర్వాత కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు. 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగాల నుంచే తీసేశారు. ఈ కానిస్టేబుళ్లలో మన వాడల నుంచి వెళ్లిన పిల్లలూ ఉంటారు. వాళ్ల పనిగంటల బాధ నిజమైనదే, దాన్ని మనం కాదనకూడదు.

అయితే ఇదే తరహా సంఘం ఇంకో పని కూడా చేసింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ పెట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది కోర్టు విచారణలో తేలాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసింది పౌరహక్కుల సంఘం. తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు అధికారుల సంఘం ఉంది. మార్చిలోనే స్టే వచ్చింది. పదేళ్లు ఆగాక, 2019లో, పీయూసీఎల్ కేసులో తానిచ్చిన 2014 మార్గదర్శకాలను చూపి సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టింది. బయట రోడ్డెక్కలేని బలగం తరఫున సంఘం కోర్టులో ఇంత దూరం రాగలిగింది. జీతం కోసమైతే అభ్యంతరం లేదు. జవాబుదారీతనాన్ని అడ్డుకోవడానికి వచ్చిందన్నదే మన పేచీ.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం, విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు శిక్ష ఉంది. కానీ పాలనాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే అభియోగం నమోదవుతుంది. ఎస్పీకిచ్చే ఫిర్యాదులో ఆ విచారణ కావాలని విడిగా రాసి, రసీదు తీసుకోండి.